ఒంటరి రాజుని తరమకూడదు

రెడ్డిగూడెం
మార్చి 11

బావకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు బాగా లేవని తెలిసే రాస్తున్నాను కాబట్టి, ఉత్తరాల్లో రాసే ఆ రెండో ముక్క రాయడం లేదు.

నా చేతిరాత చూసి నవ్వుకో, పర్వాలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పిన చెయ్యి ఇది. పెన్ను పట్టుకుంటే మామిడికాయలు కోసే చిక్కం కర్ర పట్టుకున్నట్టే ఉంటుంది. కానీ ఏం చేయను. ఫోన్ చేస్తే అక్క ఎత్తి, "మీ బావని మాట్లాడొద్దన్నార్రా డాక్టరు, మూడు నెలలు మౌనమంట" అంది. నీ దగ్గరున్నది బటన్ల ఫోను. అందులో నువ్వు ఒక మెసేజ్ కొట్టేలోపు మా తోటలో పిందె కాయవుతుంది, కాయ పండవుతుంది.

ముప్పై ఏళ్ళకి పైగా మామిడి యార్డులో వేలం పాట పిలిచినవాడివి. నువ్వు "ఒకటోసారి" అంటే గేటు బయట టీ తాగేవాడు గ్లాసు కింద పెట్టి లోపలికి పరిగెత్తుకొచ్చేవాడు. ఆ గొంతు బొంగురుపోయి నాలుగు నెలలయిందంట. నూజివీడు డాక్టరు, బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్ళి గొంతులోంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించుకోమని చీటీ రాసిస్తే, ఆ చీటీ పంచాంగంలో పెట్టి మూసేశావంట. గ్రహాలు చూసుకుంటాయనా?

అక్క మాత్రం, పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి ఇంట్లో మొదలెట్టిన మాట పూర్తి చేయగలుగుతున్నానంది. అంటూనే ఏడ్చింది.

బెజవాడ వెళ్దాం బావా. నేను తోడొస్తా. కోతలకి ఇంకా నెలన్నర ఉంది. ఈలోపు తోటలో నా పని చెట్ల కింద మంచం మార్చుకోవడమే. మేస్త్రీ అని పేరు గానీ, నేను లేకపోతే పని ఇంకా బాగా జరుగుతుందని తోట యజమాని లక్ష్మీనరసింహారావు గారే నలుగురిలో అన్నారు.

నీ బావమరిది
యలమంద


చాట్రాయి
మార్చి 19

యలమందకి,

నీ ఉత్తరం చదవడానికి రెండు పూటలు పట్టింది. అక్షరాలు గాలివానకి రాలిన పిందెల్లా ఉన్నాయి. ఏరుకుని చదివాను.

బెజవాడ వెళ్ళను. ఎందుకని అడక్కు. నా పెళ్ళిలో, పెళ్ళికొడుక్కి బ్రహ్మచెవుడు, పాపం బయటికి చెప్పుకోలేదని మీ ఊరంతా పుకారు పుట్టించావు. రెండు రోజులు మీ వాళ్ళందరూ నా చెవిలో నోరు పెట్టి అరిచారు. పంతులు గారు మంత్రాలు కూడా అరిచే చదివారు. అలాంటివాడు చెప్పే ఆరోగ్య సలహా నాకొద్దు.

దీనితో పాటు ఒక కరపత్రం పెడుతున్నాను. మే నెలలో నూజివీడులో చదరంగం పోటీ. ఏ వయసువాళ్ళయినా ఆడొచ్చంట. "మా బావకి నాకు ఆట నేర్పడం తెలుసు గానీ నన్ను గెలవడం తెలీదు, ముప్పై ఏళ్ళుగా డ్రాలే" అని టీకొట్ల దగ్గర చెప్పుకుంటావని విన్నాను. వెళ్ళి ఆడు. ఒక్క ఆట గెలువు. గెలిచినట్టు అక్కడివాళ్ళు సంతకం పెట్టిన కాయితం పంపు. నీ నోటిమాట మీద నేను వీధి చివరికి కూడా వెళ్ళను. కాయితం వచ్చిన వారంలో బస్సెక్కుతా.

గెలవకపోతే ఈ గొంతు సంగతి జన్మలో ఎత్తకూడదు.

హనుమయ్య


రెడ్డిగూడెం
ఏప్రిల్ 2

బావకి,

పేరిచ్చి వచ్చాను. కల్యాణ మండపంలో పోటీ, రెండు రోజులు, మనిషికి ఆరు ఆటలు. ఫారంలో "రేటింగ్" అని ఒక గడి ఉంది. "పర్వాలేదు" అని రాశాను. ఫారం తీసుకున్న అమ్మాయి అది చదివి, లోపలికి వెళ్ళి, ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చి చూపించింది. ఫారాన్ని కాదు, నన్ను.

సాధన గట్టిగానే చేస్తున్నా. తోట కాపలా వెంకటేశ్వర్లుని కూర్చోబెట్టి ఆడుతున్నా. నాలుగో ఎత్తుకల్లా నిద్రపోతాడు. అయినా రెండుసార్లు నేనే చిక్కుల్లో పడ్డాను.

మొదలుపెట్టడం మాత్రం నువ్వు నేర్పినట్టే. ఒక్కో బంటునీ ఒక్కో గడి జరిపి, ఈ చివర నుంచి ఆ చివరకి తోట చుట్టూ కంచె వేసినట్టు వేసి, మిగతావాళ్ళందర్నీ కంచె వెనక కూర్చోబెట్టడం. ఎవడు ముందు కంచె దూకితే వాడి పని పట్టడం. అంతకంటే నాకు రాదు. చిన్నప్పుడు నేర్చుకున్న ఎక్కాలయినా మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు.

పోటీ కోతల మధ్యలో పడింది. రెండు రోజులు సెలవు కావాలని అడిగితే లక్ష్మీనరసింహారావు గారు, "చదరంగమా? నువ్వా?" అని నవ్వి నవ్వి, దగ్గొచ్చి, సెలవిచ్చారు. నేను కారణం చెప్పలేదు. చెబితే నవ్వేవారు కాదు. నాకు ఆయన నవ్వడమే నయమనిపించింది.

యలమంద


చాట్రాయి
ఏప్రిల్ 14

యలమందకి,

తొందరపడి ఆడకు. చెయ్యి గుర్రం మీదకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి వెనక్కి తీసుకో. నీకు గుర్రం పిచ్చి.

గొంతు బాగానే ఉంది. మిరియాల పాలు తాగుతున్నాను. యార్డులో ఈ ఏడు పాట ఇంకెవరో పిలుస్తున్నారు. కుర్రాడు. మైకు పెట్టుకుని పిలుస్తున్నాడంట. వెళ్ళి చూడలేదు.

హనుమయ్య

తమ్ముడూ, నేను అక్కని. పోస్టులో వేయమని కవరు నాకిచ్చారు, విప్పి రాస్తున్నాను. గొంతు బాగానే లేదు. మొన్న ఉమ్మిలో ఎర్రగా పడింది. నేను చూశానని తెలీదు, నీళ్ళు పోసి తొక్కేశారు. ఎవరు చెప్పినా వినడం లేదు గానీ, నీతో వేసిన పందెం మాట మాత్రం తప్పరు. నువ్వు ఎలా ఆడతావో నాకు తెలుసు. అయినా ఓడిపోయి రాకురా. సత్యవతి.


రెడ్డిగూడెం
మే 13

బావకి,

కూర్చుని చదువు. పెద్ద ఉత్తరం. పెద్ద అవమానానికి చిన్న ఉత్తరం సరిపోదు.

మొదటి ఆట కీర్తిప్రియ అనే పాపతో. ఎనిమిదేళ్ళుంటాయి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. మంచినీళ్ళ సీసా, పెన్ను, రబ్బరు వరసగా సర్దుకుని, "ఆల్ ది బెస్ట్ అంకుల్" అని నాకు చెయ్యిచ్చింది. ఇచ్చి, రాజు ముందున్న బంటుని ఒకేసారి రెండు గడులు జరిపింది.

నేను చెయ్యెత్తి అక్కడి పెద్దమనిషిని పిలిచాను. ఆర్బిటర్ అంటారంట.

"ఈ పాప తొండి ఆడుతుందండీ," అన్నాను.

ఆయన బల్ల చూశాడు. నన్ను చూశాడు. "ఏం చేసిందండీ?"

"బంటుని రెండు గడులు జరిపిందండీ."

హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది కదా, నా మాట చివరి వరసదాకా వెళ్ళింది. బంటు మొదటిసారి రెండు గడులు జరగొచ్చంట బావా. లోకమంతా అలాగే ఆడుతుందంట. మన చాట్రాయిలో, రెడ్డిగూడెంలో తప్ప. పాప నా మీద జాలిపడి, "మీరు కూడా జరపొచ్చు అంకుల్, నేనేం అనుకోను," అంది.

నేను జరపలేదు. యాభై ఏళ్ళొచ్చాక ఎనిమిదేళ్ళ పిల్ల దయతో రెండు గడులు నడుస్తానా? ఒక్కో గడే జరిపాను. కంచె వేశాను. అప్పుడా పాప కాసేపు నా వైపు చూసి, "అంకుల్, మీది హిప్పో కదా?" అంది. నేను చొక్కా కిందికి లాక్కుని పొట్ట లోపలికి పీల్చాను.

పొట్ట గురించి కాదంట. హిప్పోపొటమస్ అని నిజంగానే ఒక ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే తీరు, ఉందంట. బంట్లన్నీ ఒక్కో గడే జరిగి, బురదలో నీటిగుర్రం కళ్ళు మాత్రం పైకి పెట్టి పడుకున్నట్టు ఉంటాయంట. గొప్పగొప్పవాళ్ళు ఆడారంట. పాప అది చెప్పి, ఇరవై ఎత్తుల్లో నా ఆట కట్టేసింది.

నా సంగతి నీకు తెలుసుగా. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురు పిల్లలు వచ్చి, "మీరు హిప్పో స్పెషలిస్టంట కదా" అని అడిగితే ఊరుకోలేకపోయాను. "ముప్పై ఏళ్ళుగా అదొక్కటే ఆడుతున్నాను, చాట్రాయిలో మా గురువు గారు ఇంకోటి ముట్టుకోనివ్వలేదు" అని చెప్పాను. రెండూ నిజాలే. సాయంత్రానికి హాల్లో సగం మంది నన్ను చూసి తప్పుకునేవాళ్ళు. అలా భయపెట్టి, రెండో ఆట ఓడిపోయాను. మూడు, నాలుగు కూడా. పెద్ద పేరు వచ్చాక ఓడిపోవడం ఇంకా బాగా కనపడుతుంది బావా, అందరూ వచ్చి చూస్తారు. ఐదోది పద్నాలుగేళ్ళ ఉదయశ్రీ అనే అమ్మాయి మీద. ఆ పిల్ల నన్ను ఓడించి, సంతకం పెట్టించుకుని, "అమ్మా, హిప్పోని కొట్టేశా" అని ఫోన్ చేసింది.

ఆరోది ఆఖరిది. అప్పటికి నాకు నవ్వులాట పోయింది. అక్క రాసిన రెండు ముక్కలు చొక్కా జేబులో ఉన్నాయి. అక్క ఏం రాసిందో నీకిప్పుడు తెలిసిపోయింది, దాన్ని తిట్టకు. నీకు రక్తం పడితే అది నీళ్ళు పోస్తే పోతుందా?

ఎదురుగా సుభాష్ గారని లెక్కల లెక్చరర్. మెడలో టై. నా పేరు విని ఉన్నాడు. నా కంచె ఎక్కడ తెరుచుకుంటుందో, అందులోంచి ఏం దూకుతుందో అని తల పట్టుకుని కూర్చున్నాడు. దూకడానికి అక్కడేం లేదని నాకొక్కడికే తెలుసు. ఒక్కొక్కరికి ఇంత టైమని బల్ల మీద గడియారం పెడతారు, అందులో ఆయన టైము తిరిగిపోతోంది. నేను మాత్రం కదిపిన శకటాన్నే ముందుకీ వెనక్కీ కదుపుతూ, మధ్యమధ్యలో ఏదో కనిపెట్టినట్టు తల ఊపుతున్నా. చివరికి టైము దగ్గరపడి, చేతులు తడబడి, మంత్రిని తీసుకొచ్చి నా గుర్రం ముందు పెట్టాడు. నువ్వు చెప్పినట్టు ఒకసారి చెయ్యి వెనక్కి తీసుకుని, చూసుకుని, కొట్టాను. తర్వాత ఒక్కొక్కటీ రాలాయి, గాలికి కాయలు రాలినట్టు. ఆఖరికి ఆయనకి రాజు ఒక్కడే మిగిలాడు. నాకు రాజు, ఏనుగు.

నా చుట్టూ పిల్లలు మూగారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెమటని తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. అప్పుడు లేచి నిలబడి, నువ్వు నేర్పిన పద్ధతి ప్రకారం, చెయ్యి చాపి, "డ్రా అండీ," అన్నాను.

సుభాష్ గారు ఆ చేతిని ఆఖరి బస్సు కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆర్బిటర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమండీ, మీకు ఏనుగుంది. ఆయన దగ్గర ఏమీ లేదు. నిజంగా డ్రాయేనా?"

"ఒంటరి రాజుని తరమడం మా ఇంటా వంటా లేదండీ," అన్నాను. ఛాతీ కూడా విరిచాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

సంతకాలయ్యాయి. చెరి సగం అని రాశారు. బయటికొచ్చి షోడా తాగుతుంటే ఆ కీర్తిప్రియ వచ్చి, "అంకుల్, గెలిచే ఆట ఎందుకు వదిలేశారు?" అంది. ఒంటరి రాజు మిగిలితే డ్రా కదమ్మా, రూలు కదా అన్నాను. "అలాంటి రూలు లేదంకుల్," అంది. ఏడుపు మొహం పెట్టి చెప్పింది, నా కోసం.

నేను లోపలికి పరిగెత్తాను. సగాన్ని ఒకటి చేయమని ఆర్బిటర్‌ని బతిమాలాను. రసాల బుట్ట పంపిస్తానన్నాను. చేతులు కలిపాక బ్రహ్మ వచ్చినా మారదన్నాడు. బస్సులో కూర్చుని, గెలిచాను అని నీకు ఉత్తరం రాశాను కూడా. రెడ్డిగూడెంలో దిగి చించేశాను. జీవితంలో నేను చించేసిన మొదటి అబద్ధం అదే.

కాయితం పంపుతున్నా. ఎత్తులు ఇంగ్లీషులో రాయాలంట, నాకు రాక "బంటు ఒక గడి" అని తెలుగులోనే రాశాను. సగం మార్కు ఉంది చూడు.

గెలువు అన్నావు, గెలవలేదు. కానీ ఆ పద్ధతి నువ్వు నేర్పిందే బావా. సగం గెలిచాను కాబట్టి సగం దూరం రా. నూజివీడు దాకా. అక్కడ దిగి, టీ తాగి, మిగతా సగం గురించి మాట్లాడుకుందాం. నేను మాట్లాడతా, నువ్వు తల ఊపు.

యలమంద


చాట్రాయి
మే 22

యలమందకి,

వారం రోజులు ఈ ఉత్తరం రాయలేదు. కాయితం మాత్రం రోజూ చూశాను. ముప్పై రెండు చోట్ల బంటు ఒక గడి అని ఉంది.

బంటు ఒక్క గడి నడవడం మా నాన్న నాకు నేర్పాడు, ఆయనకి వాళ్ళ నాన్న. అది మన పల్లెల పద్ధతి. అందులో నా తప్పు లేదు.

రెండోది నా తప్పు. ఒంటరి రాజుని తరమకూడదని ఎవరూ నేర్పలేదు. అలాంటి పద్ధతి ఎక్కడా లేదు. పెళ్ళయిన తర్వాత మొదటి వేసవికి మీ ఇంటికొచ్చాను. మామిడి షెడ్డులో మీ వాళ్ళందరూ కూర్చున్నారు. మీ అమ్మ ఇన్నమ్మ గారు అల్లుడి ఆట చూడటానికి వంట వదిలేసి వచ్చింది. నీకు అప్పటికి ఆట నేర్పి నెల కాలేదు. నా బలగమంతా తినేశావు. రాజు ఒక్కడు మిగిలాడు. కొత్త అల్లుణ్ణి, చెవుడు పుకారు నుంచి అప్పుడే తేరుకుంటున్నాను. ఇక మూడు నాలుగు ఎత్తుల్లో అయిపోతుందని తెలిసి, లేచి నిలబడి, యార్డులో పిలిచినట్టు గొంతెత్తి, "ఒంటరి రాజుని తరమకూడదు, అది శాస్త్రం" అన్నాను.

అందరూ నమ్మారు. గొంతు అంత పెద్దది. ఏ శాస్త్రమని ఒక్కరూ అడగలేదు. నువ్వు నా కాళ్ళకి దణ్ణం కూడా పెట్టావు.

తర్వాత చెప్పడానికి ముప్పై ఏళ్ళు టైముంది. చెప్పలేదు. నువ్వు ప్రతిసారీ నా రాజుని ఒంటరిని చేసి, చెయ్యి చాపేవాడివి. నేను ఏదో దయతలచినట్టు పట్టుకునేవాణ్ణి. ఆ డ్రాలు ఏవీ డ్రాలు కావు.

గొంతుతో చెప్పినప్పుడు నిలబడ్డ అబద్ధం, కాయితం మీద రాసి చూసుకుంటే నిలబడటం లేదు.

బెజవాడ ఎందుకు రానన్నానో కూడా రాస్తాను. చావుకి భయపడి కాదు. ముక్క తీస్తే జబ్బు పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే గొంతుపెట్టె తీసేస్తారంట. యార్డులో ఒకతనికి తీసేశారు, మెడకి చిల్లు పెట్టారు. అతను ఇప్పుడు చీటీల మీద రాసి బేరమాడతాడు. నా దగ్గర ఆ గొంతు తప్ప ఏముంది? అది లేకపోతే నేను చెప్పింది ఎవరు వింటారు? అందుకే నువ్వు గెలవలేని పందెం వేశాను.

నువ్వు గెలిచావు. సగం కాదు. మాట ప్రకారం సోమవారం ఉదయం బస్సుకి వెళ్తాను. నూజివీడు దాకా కాదు, చివరిదాకా. నువ్వు రావద్దు. కోతలు చూసుకో. నేనొక్కణ్ణే వెళ్తాను.

హనుమయ్య


రెడ్డిగూడెం
మే 24, ఆదివారం

బావకి,

పోస్టులో వేస్తే నువ్వు బస్సెక్కాక చేరుతుంది. అందుకని ఆటో నడిపే సాయిరాం చేత పంపుతున్నా. చాట్రాయికి ఖాళీ ట్రేలు తీసుకొస్తున్నాడు, ఇది పై ట్రేలో ఉంటుంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి తిట్టుకున్నాను. రెండోసారి నవ్వాను. మూడోసారి చదువుతుంటే వెంకటేశ్వర్లు వచ్చి, "ఏంటి మేస్త్రీ, కళ్ళల్లో మామిడి జీడి పడిందా" అన్నాడు. అవునన్నాను.

ఊళ్ళో అందర్నీ ఏడిపించేవాణ్ణని నాకొక పేరుంది. నా అంత గొప్ప వెధవని ముప్పై ఏళ్ళు ఒకే ఒక్క అబద్ధంతో ఆడించావు. పైగా నేనే దణ్ణం పెట్టాను. అది కాదు నా బాధ. రెడ్డిగూడెంలో సగం మందికి ఆ శాస్త్రం నేర్పింది నేను. టీకొట్టు దగ్గర ఎవడి రాజయినా ఒంటరిగా మిగిలితే గెలిచేవాడు లేచి చెయ్యి చాపుతున్నాడు. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి అది మా బావ పెళ్ళయిన కొత్తలో పరువు కోసం చెప్పాడని చెప్పాలా? చెప్పను. ఆడుకోనీ. మంచి పద్ధతిలాగే ఉంది.

గొంతు లేకపోతే నీ మాట ఎవరు వింటారన్నావు. మార్చి నుంచి నీ గొంతు నేను వినలేదు. నువ్వు నాలుగు ముక్కలు కాయితం మీద రాస్తే, వెళ్ళి హాలంతా నవ్వేలా ఆరు ఆటలు ఆడొచ్చాను. ఇంకెలా వినాలి?

ఒక్కణ్ణే వెళ్తానన్నావు. అలా రాజు ఒక్కడు మిగిలితే చెయ్యి కలిపి వెళ్ళిపోవాలని నేర్పింది నువ్వే. అది అబద్ధమని రాసింది కూడా నువ్వే. ఇక నిన్ను వదిలిపెట్టడానికి నాకు ఏ శాస్త్రమూ లేదు.

కోతల సంగతి చెప్పడానికి లక్ష్మీనరసింహారావు గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి కారణం చెప్పాను. ఆయన నవ్వలేదు. చిన్న రసాలు ఒక బుట్ట కట్టించి, "అక్కడ నర్సులకివ్వు, బాగా చూస్తారు" అన్నారు.

సోమవారం ఉదయం బస్సు నూజివీడులో ఆగినప్పుడు కిటికీలోంచి బయటికి చూడు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక హిప్పో ఎక్కుతుంది. పక్క సీటు ఉంచు.

యలమంద


బెజవాడ
ఆసుపత్రి, మూడో అంతస్తు, ఏడో మంచం
మే 26

యలమందకి (కింద మెట్ల దగ్గర కూర్చున్నాడు, లావుగా ఉంటాడు, సిస్టర్ గారు దయచేసి ఇవ్వగలరు),

ముక్క తీశారు. పెద్ద నొప్పేం లేదు. పేరు వారం తర్వాత చెబుతారంట. ఏదయినా అప్పుడు చూద్దాం. భయం పోలేదు, ఉంది. నువ్వు కింద ఉన్నావని తెలుసు కాబట్టి పడుకోగలిగాను.

ఒక్క విషయం. పొద్దున్నుంచీ వచ్చిన ప్రతి సిస్టరూ నా చెవి దగ్గర వంగి, "తాతగారూ, మందు వేసుకున్నారా" అని అరుస్తోంది. డాక్టరు కూడా అరిచాడు. పక్క మంచం ఆయన నన్ను చూసి చేతులతో సైగలు చేస్తున్నాడు. నాకు మాట్లాడే వీలు లేదని తెలిసే చేశావు. రసాలు పంచినప్పుడే చెప్పి ఉంటావు. మెట్ల మీద నవ్వుకుంటూ ఉంటావు. నవ్వుకో.

ఇక్కడ వారం ఉండాలి, ఏం తోచదు. చీటీ మీద ఒక్కో ఎత్తు రాసి పంపుకుందాం. ఎవరి రాజు ఒంటరయినా ఆట కట్టేదాకా ఆడాలి.

తెల్లవి నావి. రాజు ముందున్న బంటు, రెండు గడులు.

నీ ఎత్తు రాయి.

హనుమయ్య